లాగోస్ గంటలు, అక్రా గంటలు

మేం ఆఫ్రికాలో ఉంటున్నామని తెలియగానే మన వాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "అక్కడిప్పుడు టైమెంతమ్మా?" అని. రెండోది, "లాగోస్‌లోనూ ఉన్నారు, అక్రాలోనూ ఉన్నారు కదా, రెంట్లో ఏది బాగుంటుంది?" అని. మొదటిదానికి జవాబు తేలిక. రెండోదానికి వాళ్లు వినాలనుకునేది ఒకటి, నేను చెప్పేది ఇంకొకటి. జీతాల గురించో, అద్దెల గురించో, దొంగల భయం గురించో చెప్తాననుకుంటారు. నేను గంటల గురించి చెప్తాను. ఒక ఊరు మన ఇంటికి రోజుకి ఎన్ని గంటలు మిగులుస్తుందో చూడకుండా ఆ ఊరు మంచిదో కాదో చెప్పలేమని నా అభిప్రాయం. ఆ గంటల్లో ఇంట్లో ఉండే ఆడదాని గంటలు కూడా కలపాలి. మామూలుగా వాటిని ఎవరూ కలపరు, అదే నా బాధ.

లాగోస్‌లో అయిదేళ్లు కాపురం చేశాం. అక్రా వచ్చి నాలుగేళ్లయింది. ఒకటి నైజీరియా, ఒకటి ఘనా. రెండూ పశ్చిమ ఆఫ్రికాలో సముద్రం ఒడ్డున ఉన్న మహా నగరాలే. రెండు దేశాల్నీ ఇంగ్లీషువాళ్లే పాలించారు. ఘనాకి 1957లో, నైజీరియాకి 1960లో స్వాతంత్ర్యం వచ్చింది. దూరం నుంచి చూసేవాళ్లకి రెండూ ఒకటేలా ఉంటాయి. ఉండి చూస్తే తెలుస్తుంది.

ముందు గడియారం సంగతి చెప్తాను. లాగోస్ మనకన్నా నాలుగున్నర గంటలు వెనక, అక్రా అయిదున్నర గంటలు వెనక. వేసవికో టైము, చలికాలానికో టైము అని గడియారాలు మార్చుకునే అలవాటు రెండు చోట్లా లేదు, కాబట్టి ఏడాది పొడుగునా ఇదే లెక్క. మన దేశపు టైముకి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ మా కాకినాడ, తుని ప్రాంతం మీదుగా పోతుందని చిన్నప్పుడు స్కూల్లో చదువుకున్నాం. సున్నా డిగ్రీల రేఖ, అదే గ్రీనిచ్ రేఖ, అక్రా పక్కనున్న టెమా అనే రేవు పట్నం మీదుగా వెళ్తుంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 82.5 డిగ్రీలకి 330 నిమిషాలు, అంటే సరిగ్గా అయిదున్నర గంటలు. పుట్టింటి దగ్గర ఒక గీత, కాపురం దగ్గర ఒక గీత. పిల్లలకి మ్యాపులో చూపిస్తే భలే సంబరపడ్డారు.

లాగోస్‌కీ అక్రాకీ గంట తేడా ఉందన్నానా, సూర్యుడి లెక్కన చూస్తే ఆ రెండూళ్ల మధ్య తేడా పావుగంటే. మన పాత లెక్కలో ఘడియ అంటే 24 నిమిషాలు. అంటే ఘడియ కూడా లేదన్నమాట. మిగిలిన ముప్పావుగంట దేశాలు కల్పించుకున్నది. విమానంలో గంట ప్రయాణం కాబట్టి లాగోస్‌లో పొద్దున్న తొమ్మిదికి బయల్దేరితే అక్రాలో దిగేసరికి మళ్లీ తొమ్మిదే. తిరిగి వెళ్లేటప్పుడు మాత్రం రెండు గంటలు ఖర్చు. రోడ్డు మీద వస్తే బెనిన్, టోగో దేశాలు దాటి రావాలి. నైజీరియా సరిహద్దులో గడియారం మారదు, బెనిన్ దాటి టోగోలో అడుగుపెట్టగానే గంట వెనక్కి వెళ్తుంది.

దీనివల్ల ఇంట్లో వచ్చే తేడా ఏమిటంటే, అక్రాలో దాదాపు ఏడాదంతా పొద్దున్న ఆరు ప్రాంతంలో తెల్లవారుతుంది, సాయంత్రం ఆరు ప్రాంతంలో పొద్దు కుంకుతుంది. భూమధ్యరేఖకి దగ్గర కదా, పగలూ రాత్రీ ఎప్పుడూ ఇంచుమించు సమానమే. మన క్యాలెండర్‌లో శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు అని ఉంటుంది చూశారా, సూర్యోదయం ఆరింటికి అనుకుని వేసిన ఆ లెక్క అక్రాలో అతికినట్టు సరిపోతుంది. లాగోస్‌లో దానికి ముప్పావుగంట కలుపుకోవాలి. అక్కడ తెల్లవారేది ఆరున్నర, ఏడు మధ్య. చీకటి పడేది కూడా ఆరున్నర, ఏడు దాటాకే.

అంటే సాయంత్రం వెలుతురు లాగోస్‌లో ఎక్కువసేపు ఉంటుంది. పిల్లలు ఆడుకోవడానికి, మొగుడూ పెళ్లాలు కాస్త అలా నడిచి రావడానికి లాగోసే మేలనిపిస్తుంది గడియారం చూస్తే. అక్రాలో ఆరుంపావుకి చీకటి, పిల్లలు ఇంట్లోకొచ్చేయాలి. కానీ ఆ వెలుతురుని లాగోస్‌లో మేం ఎన్నడైనా వాడుకున్నామా అంటే, ఆదివారాలు తప్ప లేదు. ఎందుకో చెప్తాను.

లాగోస్ రెండు ముక్కలుగా ఉంటుంది. ఒకటి మెయిన్‌ల్యాండ్, రెండోది ఐలాండ్. మధ్యలో సముద్రపు కయ్య. మా ఇల్లు ఇకెజా వైపు, అంటే మెయిన్‌ల్యాండ్ మీద. మావారి ఆఫీసు విక్టోరియా ఐలాండ్‌లో. మధ్యలో థర్డ్ మెయిన్‌ల్యాండ్ బ్రిడ్జి, 1990లో పూర్తయింది, పన్నెండు కిలోమీటర్లకి కాస్త తక్కువ పొడుగు. ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే మన గోదావరి వంతెన గుర్తొచ్చి ప్రాణం లేచి వస్తుంది. కానీ ఖాళీగా ఉండేది ఎప్పుడు? ట్రాఫిక్ జామ్‌ని అక్కడ "గో-స్లో" అంటారు. పసుపుపచ్చ డాన్‌ఫో బస్సులు, కార్లు, వాటి మధ్యలోంచి నెత్తిన బుట్టలు పెట్టుకుని అరటికాయ చిప్స్, నీళ్ల ప్యాకెట్లు అమ్మేవాళ్లు. మావారు చీకటితో అయిదుంపావుకి బయల్దేరేవారు, రాత్రి ఎనిమిదిన్నరకి వచ్చేవారు. రానూ పోనూ రోజుకి నాలుగు గంటలు రోడ్డు మీదే. పిల్లలు కూడా స్కూలుకి ఇంకా పూర్తిగా తెల్లవారకుండానే బయల్దేరేవారు, బస్సులో నిద్రపోయేవారు. 2023 సెప్టెంబరులో అక్కడ పట్టణ రైలు మొదటి లైను మొదలైంది, పదమూడు కిలోమీటర్లు. మంచిదే, కానీ అది మేం ఉన్న వైపు నుంచి వెళ్లదు.

అక్రాలో ట్రాఫిక్ లేదని కాదు. స్పింటెక్స్ రోడ్డు మీద సాయంత్రం పూట ఇరుక్కుంటే ఇక్కడి ట్రోట్రో బస్సులూ, మన కారూ అన్నీ ఒకటే వరస. అయినా మా ఇంటికీ ఆఫీసుకీ రానూ పోనూ గంటన్నర. మావారు ఏడుంపావుకి వెళ్తారు, ఆరింటికల్లా ఇంట్లో ఉంటారు.

ఇప్పుడు లెక్క వేయండి. రోజుకి నాలుగు గంటలెక్కడ, గంటన్నర ఎక్కడ? రెండున్నర గంటల తేడా. వారానికి అయిదు రోజులు పన్నెండున్నర గంటలు. ఏడాదికి యాభై వారాలనుకుంటే 625 గంటలు. రాత్రీ పగలూ కలిపి ఇరవై ఆరు రోజులు! ఏడాదిలో దాదాపు నెల రోజులు ఒక మనిషి ఇంట్లో ఉన్నాడా లేడా అన్నంత తేడా. లాగోస్ వదిలి వచ్చినప్పుడు మా చిన్నదానికి ఆరేళ్లు. వారం మధ్యలో నాన్న దాని ఎదురుగా కూర్చుని అన్నం తినడం అది అక్రా వచ్చాకే చూసింది.

ఇదంతా మగవాళ్ల గంటల లెక్క. ఆడవాళ్లది వేరే ఉంది. లాగోస్‌లో నా రోజుని నడిపింది గడియారం కాదు, కరెంటు. వచ్చినప్పుడే పప్పు రుబ్బాలి, బట్టలు ఉతకాలి, ఇస్త్రీ చేయాలి, నీళ్ల మోటారు వేయాలి. రాత్రి పదకొండుకి వస్తే పదకొండుకే గ్రైండర్. కరెంటు రాగానే వీధిలో పిల్లలందరూ ఒక్క గొంతుతో "అప్ నెపా!" అని అరుస్తారు. నెపా అన్నది పాత విద్యుత్ సంస్థ పేరు, 2005లోనే మారిపోయింది, అరుపు మాత్రం మిగిలింది. జెనరేటర్ ఉండేది, కానీ డీజిల్ ఖర్చు చూసుకుని దానికీ గంటలు పెట్టారు మా అపార్ట్‌మెంట్‌లో. ఫ్రిజ్‌లో ఏం పెట్టాలి, ఎంత పెట్టాలి, ఏది ముందు వండేయాలి అని రోజంతా బుర్రలో ఒక లెక్క నడుస్తూనే ఉండేది. ఆ లెక్కకి జీతం లేదు, సెలవు లేదు.

ఘనావాళ్లకీ కరెంటు కష్టాలు తెలుసు. "డుమ్‌సోర్" అని వాళ్ల భాషలో ఒక మాటే పుట్టింది, ఆరిపోవడం, వెలగడం అని. 2012 నుంచి నాలుగేళ్లపాటు చాలా బాధపడ్డారట, మా పక్కింటావిడ కథలు కథలుగా చెప్తుంది. ఇప్పుడూ అప్పుడప్పుడు పోతుంది. అయితే నేను ఉదయం అనుకున్న పని ఉదయమే చేసుకోగలుగుతున్నాను. మధ్యాహ్నం రెండు గంటలు పుస్తకం పట్టుకోగలుగుతున్నాను. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నది కూడా అలాంటి మధ్యాహ్నమే.

లాగోస్‌ని తిడుతున్నాననుకోకండి. ఆ ఊరికున్న ప్రాణం అక్రాకి లేదు. శనివారం వస్తే ఎక్కడో ఒకచోట పెళ్లో, పుట్టినరోజో. బంధువులందరూ ఒకే గుడ్డ కొని కుట్టించుకుని వస్తారు, దాన్ని "అసో ఎబీ" అంటారు. మనం పెళ్లికి ఒకే రంగు పట్టుచీరలు మాట్లాడుకున్నట్టే. సంతలో "ఎఫో టెటె" అని అడిగితే చేతికొచ్చేది మన తోటకూరే. ఇంకొకటి నాకు బాగా నచ్చింది. అక్కడి యొరుబా వాళ్లకి పొద్దుటికో పలకరింపు, మధ్యాహ్నానికో పలకరింపు ఉన్నట్టే, పని చేసుకుంటున్న మనిషికి ఒక పలకరింపు ఉంది, "ఎ కు ఇషే" అని. గుమ్మం తుడుస్తున్నా, గిన్నెలు తోముతున్నా అటుగా వెళ్లేవాళ్లు ఆ మాట అని వెళ్తారు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా పనిని పని అని పలకరించింది ఆ ఊరే.

అక్రా నిదానం మనిషి లాంటిది. ఇక్కడి అకాన్ వాళ్లలో పుట్టిన వారాన్ని బట్టి పేరు ఉంటుంది. శుక్రవారం పుట్టిన మగపిల్లవాడు కోఫీ, శనివారమైతే క్వామె. కోఫీ అన్నన్, క్వామె ఎన్‌క్రుమా పేర్లు అలా వచ్చినవే. నేను శనివారం పుట్టానని చెబితే కూరలమ్మే ఆవిడ నన్ను "ఆమా" అనడం మొదలెట్టింది, శనివారపు ఆడపిల్ల పేరది. నా చెవికి మాత్రం అమ్మా అన్నట్టే వినిపిస్తుంది. ఇక్కడి గా తెగ వాళ్లు హొమొవో పండగకి ముందు, మే, జూన్ నెలల్లో ఒక నెల రోజులు డప్పులు, పెద్ద చప్పుళ్లు లేకుండా ఊరంతటినీ నిశ్శబ్దంగా ఉంచుతారు. జెనరేటర్ల మోతలోంచి వచ్చిన నాకు మొదటి ఏడాది అదొక వింత. అయితే టైముకి రావడమన్నది ఇక్కడా తక్కువే. జీఎంటీ అంటే "ఘనా మ్యాన్ టైమ్" అని వాళ్లే జోకులేసుకుంటారు. జీతాలు లాగోస్‌కన్నా తక్కువ, మన సరుకులు ఖరీదు, తెలుగు ఇళ్లు కొద్ది. ఉగాది పచ్చడికి వేపపువ్వు దొరికింది కానీ పంచుకునే ఇళ్లే నాలుగు.

ఇక ఫోన్ల సంగతి. ఇది విదేశాల్లో ఉన్న ప్రతి ఇల్లాలికీ తెలిసిన సంగతే. ఇండియాలో సాయంత్రం ఆరింటికి దీపం పెట్టే వేళ అక్రాలో పన్నెండున్నర, లాగోస్‌లో ఒకటిన్నర. అత్తయ్యగారు, మామయ్యగారు రాత్రి తొమ్మిదిన్నరకి పడుకునేసరికి అక్రాలో నాలుగు, లాగోస్‌లో అయిదు. మగవాళ్లు ఆఫీసు నుంచి వచ్చేసరికి రెండూళ్లలోనూ అక్కడివాళ్లు నిద్రలో ఉంటారు. అందుకని లాగోస్‌లో ఉన్న అయిదేళ్లూ ఫోను నా పనే. "ఏమ్మా, వాడు బాగున్నాడా? తింటున్నాడా?" అని అత్తయ్యగారు అడగడం, నేను చెప్పడం. ఆవిడ బీపీ మాత్రలు ఎప్పుడు అయిపోతాయి, మామయ్యగారి కంటి పరీక్ష ఏ రోజు, ఆడపడుచు కొడుకు పుట్టినరోజు ఎప్పుడు, అన్నీ రెండు గడియారాలతో నా బుర్రలోనే. మా అమ్మకి ఫోన్ చేయడం ఈ పనులన్నీ అయ్యాక.

"టైము కుదరదు కదే" అనేవారు మావారు. టైము తేడా వల్ల కుదరలేదంటే నేను ఒప్పుకోను. లాగోస్‌లో అయిదుంపావుకి ఆయన కారెక్కేసరికి ఇండియాలో పావు తక్కువ పది, మామయ్యగారు టిఫిన్ తిని పేపరు చదువుకునే వేళ. కుదరక కాదు, ఆ కారులో ఆయన నిద్రపోయేవారు. అలసిపోయిన మనిషికి ఏ టైమూ కుదరదు. అక్రా వచ్చాక తేడా ఎక్కువైంది, అయిదున్నర గంటలు. అయినా రోజూ ఆరున్నరకి కాఫీ గ్లాసు పట్టుకుని వాళ్లమ్మకి ఆయనే ఫోన్ చేస్తున్నారు. అక్కడ సరిగ్గా మధ్యాహ్నం పన్నెండు. "ఏం కూర చేశావమ్మా?" అని మొదలవుతుంది. కిందటేడు అత్తయ్యగారు కాలు జారి పడినప్పుడు ఆవిడ నాకన్నా ముందు కొడుక్కి చెప్పుకున్నారు. నాకేమీ చిన్నతనం అనిపించలేదు సరికదా, మనసు తేలికపడింది. అమ్మ కష్టం కొడుక్కి నేరుగా తెలియాలి, కోడలి నోటి మీదుగా కాదు.

ఇదంతా ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, మావారికి మళ్లీ లాగోస్‌లో పెద్ద ఉద్యోగం ఇస్తామంటున్నారు. జీతం ఇప్పటికన్నా మూడో వంతు ఎక్కువ. ఈ నెలాఖరుకి జవాబు చెప్పాలి. బావగారు ఫోన్ చేసి, "ఇంకేం ఆలోచనమ్మా, పిల్లల చదువులున్నాయి, వెళ్లిపోండి. అక్కడా ఉన్నదానివే కదా" అన్నారు. మా అన్నయ్యదీ అదే మాట. అందరూ డబ్బు లెక్క చూశారు, గంటల లెక్క ఒక్కరూ అడగలేదు.

నేను వెళ్లొద్దని అనలేదు. డబ్బు అక్కర్లేదనే ధైర్యం మధ్యతరగతి ఇంట్లో ఎవరికీ ఉండదు. పెద్దాడికి రెండేళ్లలో కాలేజీ. కానీ ఒక కాగితం మీద గీత గీసి ఒక పక్కన జీతం, రెండో పక్కన గంటలు రాసి మావారి ముందు పెట్టాను. ఇల్లు కూడా ఆఫీసు వైపే, ఐలాండ్ మీదే ఉండాలి. అద్దె ఎక్కువైతే ఆ ఎక్కువని పెరిగిన జీతంలోంచి ముందే తీసేసి, మిగిలింది ఎంతో అప్పుడు చూద్దాం అన్నాను. కరెంటు ఇరవై నాలుగు గంటలూ ఉండే చోటే చూడాలి, ఆ ఖర్చు కూడా రాయాలి. వాళ్లమ్మకి ఫోను ఏ ఊళ్లో ఉన్నా ఆయన పనే. ఇవన్నీ తీసేశాక ఆ మూడో వంతులో ఎంత మిగిలిందో చూసి ఆయనే కాసేపు మాట్లాడలేదు. పోగా పోగా మిగిలినదాని కోసం వెళ్దామా, ఇక్కడే ఉందామా అన్నది ఇంకా తేలలేదు. తేలేది మాత్రం ఆ కాగితం చూసుకునే.

ఇది ఆఫ్రికాలో ఉన్నవాళ్ల సంగతే అనుకోనక్కర్లేదు. హైదరాబాద్‌లో ఒక మూల ఇల్లు, ఇంకో మూల ఆఫీసు ఉన్నవాళ్లదీ ఇదే కథ. ఉద్యోగం మారదాం, ఊరు మారదాం అన్న మాట ఇంట్లో వచ్చినప్పుడు మనం మూడు ప్రశ్నలు అడగాలి. మనిషి ఇంటికి ఎన్నింటికి వస్తాడు? నా పని నా వీలుని బట్టి జరుగుతుందా, కరెంటూ నీళ్ల వీలుని బట్టి జరుగుతుందా? అక్కడి పెద్దవాళ్లతో ఎవరు, ఏ వేళప్పుడు మాట్లాడతారు? ఈ మూడింటికీ జవాబులు నోటితో చెప్పించుకుంటే చాలదు, అంకెలతో రాయించుకోండి. "ఉద్యోగం ఆయనది, మనకెందుకులే" అనుకునే అక్కచెల్లెళ్లకి మరీ మరీ చెప్తున్నాను. ఉద్యోగం ఆయనదే కావచ్చు, ఆ ఊళ్లో రోజంతా గడిపేది మనమే.